రేవు అందరిది
(మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల చదువుసంధ్యలను గూర్చి మాటలాడవలసిన ఈ వేదికపై పడవల రేవుల ప్రసక్తి యెందుకని మీకు తోచవచ్చును. దానికొక కారణము కలదు. కొంతకాలము క్రిందట మన బడిలో చదువుచున్న ఒక బాలుని తండ్రి, సముద్రముపై వేటకు పోవువాడు, ఒక కాగితము చేత పట్టుకొని మాయొద్దకు వచ్చెను. "అయ్యా, ఇది మా పేటలో అంటించినారు. మా ఒడ్డున ఏదో జెట్టీ కడతారట. ఇందులో ఏం రాసినారో కాస్త చదివి పెట్టండి" అని అడిగెను. చదివితిమి. తీరమున తలపెట్టిన ఒక కట్టడమును గూర్చి ప్రజలు తమ అభిప్రాయములు తెలుపవలెనని దాని సారాంశము. భాష ఇంగ్లీషు. పటము బొటనవ్రేలంత. గడువు అప్పటికి 4 దినముల క్రిందటనే ముగిసియుండెను. ఆ సంగతి చెప్పగా ఆయన కోపగింపలేదు. "పోనీలెండి, కట్టేవాళ్ళకు తెలియదా" అని కాగితము మడిచి జేబులో పెట్టుకొని వెడలిపోయెను.

ఆ మాట నాటినుండి మమ్ము విడువలేదు. కట్టువారికి అన్నియు తెలియునా? ఈ ప్రశ్ననే నేడు మీ యెదుట ఉంచదలచితిమి.

ముందుగా మన మాటనే తీసికొందము. 'రేవు' అను తెలుగు మాట ఎంత విశాలమైనదో చూడుడు. స్నానాల రేవు, చాకిరేవు, పడవరేవు, ఓడరేవు: అన్నియు రేవులే. పొలమునకు యజమాని కలడు, ఇంటికి యజమాని కలడు. రేవునకు మాత్రము ఊరంతయు యజమానియే. నీటికిని మనుష్యునికిని నడుమ నుండు వాకిలిని మన పెద్దలు ఏ యొక్కరిదిగను తలపలేదు. తీరనగరములలో జెట్టీలను, పడవలను నీటిలోనికి దింపి తిరిగి ఒడ్డుకు లాగుటకైన వాలుదారులను ఆలోచించి కట్టునపుడు ఈ భావమే పునాది కావలెనని మా విన్నపము. అట్టి పనిని తలపెట్టువారు ముగ్గురిని అడుగవలెను. మొదట ఇసుకను, పిదప పడవవానిని, ఆపైన ఒడ్డున పనిచేయు ఆడువారిని.

ఇసుకను అడుగుట యేమని నవ్వకుడు. మన చెన్నపట్నపు చరిత్రయే అందులకు సాక్షి. ఈ నగరమునకు ప్రకృతి యిచ్చిన ఓడరేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేసికొని నిలిచెడివి. అచటినుండి మనుష్యులను, సరకులను మసూలా పడవలు ఒడ్డునకు చేర్చెడివి. ఆ పడవకు ఇనుపమేకు లేదు. పలకలను కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. అల వచ్చి కొట్టినపుడు పలకలు కొంత వంగి ఆ దెబ్బను సైచెడివి. మేకులు కొట్టిన గట్టి పడవ అయినచో ఆ తాకిడికి పగిలిపోవును. తీరమును ఎరిగినవాడు కట్టిన పడవ అది.

1861లో సముద్రములోనికి 1,100 అడుగుల పొడవున ఒక వారధి నిర్మింపబడెను. 1868లోను, 1872లోను వచ్చిన తుపానులు దానిని పనికిరాకుండ చేసినవి. అంతట ఓడలకు నిశ్చలమైన నీరు కావలెనని 1876లో రాతికట్టల పని ఆరంభించిరి. ముగియవచ్చిన ఆ కట్టలను 1881 నాటి తుపాను ధ్వంసము చేసెను. పట్టు విడువక తిరిగి కట్టిరి. 1904 మొదలు 1919 వరకు రేవునకు అధిపతిగా నుండిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు కాలమున, తూర్పు వైపున నుండిన ద్వారమును మూసి ఈశాన్యమునకు మార్చిరి. ఓడలకు క్షేమము చేకూరినది.

కాని ఇసుకను ఎవరును అడుగలేదు. మన తీరమున ఇసుక నిలుకడగా ఉండదు, నడచుచుండును. సంవత్సరమున ఎక్కువ నెలలు అలలు దానిని దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. ఈశాన్య ఋతుపవనకాలమున కొన్ని నెలలు వెనుకకు మరలించును. లెక్క చూడగా ఉత్తరమునకు పోవునదే మిక్కిలి అధికము. ఆ దారికి అడ్డముగా రాతికట్ట వెలసినది. దక్షిణమున ఇసుక పేరుకొనెను. గవర్నరు గ్రాంటు డఫ్ 1884లో విహారవీథిని వేయించి మెరీనా అని పేరు పెట్టిన తీరము నానాటికి వెడల్పై లోకప్రసిద్ధి చెందినది. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు వైపు తీరమునకు రావలసిన ఇసుక రాలేదు. సముద్రము ఇండ్లవైపునకు జరిగినది. రాళ్ళగోడలు వేసి అడ్డుకొనవలసి వచ్చినది. ఒక కట్ట వలన ఒక పేటకు ఉద్యానమువంటి ఇసుకతిన్నెయు, మరియొక పేటకు రాళ్ళగోడయు దక్కినవి. మీలో పలువురు ఆ రెండవ పేటవారే. మెరీనాకు పిల్లలను తీసికొనిపోయినపుడు ఈ సంగతి వారికి చెప్పుడు.

ఇట్టి పాఠము ఒక్క చెన్నపట్నమునకే పరిమితము కాదు. పుదుచ్చేరిలో 1980ల చివర నిర్మించిన రేవుకట్టల తరువాత, నగరపు విహారవీథి ముందరి ఇసుక క్రమముగా మాయమై రాళ్ళు మిగిలినవి. 2018 తరువాత జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు నీటి అడుగున కృత్రిమమైన అడ్డును నిలిపిన పిమ్మట కొంత ఇసుక తిరిగి చేరినది. విశాఖపట్నమున మరియొక ఉపాయము నడచుచున్నది. రేవుకట్టకు దక్షిణమున నిలిచిపోవు ఇసుకను త్రవ్వి, ఉత్తరమున నున్న రామకృష్ణా బీచికి పంపులతో చేర్చుచున్నారు. అనగా ప్రకృతి చేయు పనిని అడ్డుకొన్న పిమ్మట, ఆ పనిని మనమే కూలి యిచ్చి నిత్యము చేయింపవలెను. ఆ కూలి కట్టడపు ఖర్చులో మొదటి దినముననే లెక్కింపబడవలెను.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపుడు. స్తంభములపై నిలిచిన జెట్టీ వేరు, రాళ్ళు పోసిన కట్ట వేరు. స్తంభముల నడుమ నుండి అలయు పోవును, ఇసుకయు పోవును. కనుక తీరమునకు హాని తక్కువ. అలనుండి పడవకు రక్షణయు తక్కువే. రాతికట్ట పడవకు నీడనిచ్చును. ఇసుకను మాత్రము ఆపును. ఏది ఎచట తగునో తీరమును ఏడాది పొడుగున, రెండు ఋతుపవనములలోను పరిశీలించిన పిమ్మట గాని చెప్పరాదు. వేసవిలో ఒక వారము వచ్చి కొలుచుకొనిపోయిన వానికి సముద్రము సగము సంగతియే చెప్పును.

ఇక పడవవాని మాట. పడవలన్నియు ఒక్క తీరువి కావు. మంచుపెట్టెలు నింపుకొని దినముల తరబడి వేటాడు మరపడవకు లోతైన నీరు, గట్టి గోడ, కట్టుకొనుటకు గుంజలు కావలెను. తెల్లవారుజామున పోయి ప్రొద్దెక్కకముందే తిరిగివచ్చు ఫైబరు పడవకు అవి అక్కరలేదు. దానికి ఇసుకవాలు చాలును. మనుష్యులు భుజములతో నెట్టియో ట్రాక్టరుతో లాగియో దానిని ఒడ్డునకు చేర్చుకొందురు. పూరీ పట్టణమున పెంటకోట అను పేటయందు తెలుగు మాటలాడు మత్స్యకారులు తరతరములుగా నివసించుచున్నారు. వారి పడవలు దిగునది బయలు ఇసుకతీరముననే. ఆ ఇసుకతీరమే వారికి రేవు. ఇట్టిచోట కాంక్రీటు పోయుట సేవ కానేరదు. తీరమును ఆక్రమింపక, గోడ కట్టక, దీపస్తంభములు అడ్డముగ పాతక విడిచిపెట్టుటయే గొప్ప సేవ. పటముపై ఖాళీగా కనబడు ఇసుక ఖాళీ కాదు. అది పడవ దిగుచోటు, వల ఆరుచోటు, చేప ఎండుచోటు.

వాలుదారి కట్టవలసివచ్చినచో దానికిని లెక్క కలదు. సామాన్యముగా 7, 8 అడుగుల పొడవునకు 1 అడుగు దిగునట్టి వాలు బండితో లాగు పడవలకు తగును. అంతకన్న నిటారుగా ఉన్నచో పడవ జారును. మిక్కిలి చదునుగా ఉన్నచో నీటి లోతు అందదు. దాని కొన పోటులోనే గాక పాటులో కూడ నీటిలో మునిగియుండవలెను. లేనిచో కొన వద్ద అల గుంట చేసి, పడవ అడుగును గీరివేయును. పాచి పట్టి కాలు జారకుండ గరుకుగా గాళ్ళు తీయవలెను. మన చెన్నపట్నమున పోటుపాటుల భేదము సుమారు 1 మీటరు మాత్రమే. కావున ఇచట వాలు పొట్టిగా నున్నను సాగును. గౌతమీతీరమున నున్న యానామునందు సంగతి వేరు. అచట సముద్రపు పోటునకు తోడు గోదావరి వరద కూడ కలదు. 2022 జూలైలో వరదనీరు ఆ పట్టణపు వీథులలోనే ప్రవహించెను. నదీతీరమున వాలు పొడవుగా, పలు మట్టములలో మెట్లతో నుండవలెను. చెన్నైలో గీచిన పటమును యానాములో అతికించినచో అది రేవు కాదు.

పడవవానిని అడుగవలసిన మరియొక సంగతి, అన్నిటికన్న ఇరుకైన దినమేదియని. రేవును సగటు దినమునకు సరిపడ కట్టరాదు. తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటకు నిషేధము. ఆ కాలమున ఏ మరపడవయు వేటకు పోరాదు. అన్నియు ఒక్కసారిగా రేవులోనే నిలువవలెను. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రియు అంతే. మన కాసిమేడు రేవు 1975లో ఆరంభింపబడి 1984లో ముగిసినది. ఆ నిషేధకాలమున ఒకసారి అచటికి పోయి చూడుడు. పడవకు పడవ ఆనుకొని, నీరు కనబడక, ఒకదానిపైనుండి మరియొకదానిపైకి దాటుచు పోవచ్చును. ఆ దృశ్యమును చూచి పిల్లలు సంతోషింతురు; తెలిసినవారు భయపడుదురు.

ఆ భయము ఉత్తది కాదు. 2023 నవంబరు 19 నాటి రాత్రి విశాఖపట్నపు చేపల రేవులో నిప్పంటుకొనెను. పడవలలో డీజిలు, వంటగ్యాసు బండలు కలవు. పడవలు దగ్గరదగ్గరగా కట్టబడియుండెను. తెల్లవారునప్పటికి ముప్పదికి పైగా పడవలు దెబ్బతినెను. ఒక్కొక్క మరపడవపై ఒక సరంగు, పలువురు కళాసీలు, వారి కుటుంబములు ఆధారపడియుండును గదా! పడవల వరుసల నడుమ విడిచిన ఖాళీ నీరు, అగ్నిమాపక శకటము పోగల దారి, గోడ పొడుగున నీటి గొట్టములు: ఇవి అలంకారములు కావు. వీనిని పటములో మొదటనే గీయవలెను. పిదప గీయుటకు చోటు మిగులదు.

మూడవది ఒడ్డున పనిచేయు ఆడువారి మాట. పడవ ఒడ్డునకు చేరుటతో మగవాని పని చాలవరకు ముగియును. ఆడుదాని పని అప్పుడే మొదలగును. వేలంపాటలో నిలిచి వంజరమో కానాగంతలో ధర కట్టి తీసికొని, గంపకెత్తి, ఐసు వేసి, బస్సెక్కి, వీథివీథి తిరిగి అమ్మునది ఆమె. జెట్టీలకు కొలతలు వ్రాయువారు పడవ పొడవును వ్రాయుదురు గాని గంప మోయు మనిషి నడచు దూరమును వ్రాయుట అరుదు. నీడ యెచట? మంచినీటి కుళాయి యెచట? చీకటితో వచ్చు ఆడువారికి దీపమెచట, మరుగుదొడ్డి యెచట? ఈ ప్రశ్నలకు సమాధానము లేని రేవు సగము రేవు.

మన నగరముననే ఒక నిదర్శనము కలదు. దీపస్తంభమునకును పట్టినపాక్కమునకును నడుమ నున్న లూప్ రోడ్డుపై మత్స్యకార స్త్రీలు చేపలమ్ముట ఎన్నో ఏండ్ల వాడుక. రాకపోకలకు అడ్డముగ నున్నవని 2023 ఏప్రిల్‌లో ఆ దుకాణములను తొలగింపగా పెద్ద నిరసన రేగెను. రోడ్డు వారి తీరముమీదికి వచ్చినదా, వారు రోడ్డుమీదికి వచ్చిరా అనునది ప్రశ్న. తుదకు 2024 ఆగస్టులో అచటనే క్రొత్త చేపల బజారు తెరువబడినది. సంతోషము. కాని ఆ బజారును రోడ్డుతోపాటే ఆలోచించియున్నచో ఆ కన్నీరు, ఆ తగవు ఉండెడివి కావు గదా!

ఇక్కడ వేటయే వృత్తి కాని మనవంటి వారి సంగతియు ఒక మాట చెప్పవలెను. రేవు అందరిదన్నపుడు, సాయంకాలము మనుమని వ్రేలు పట్టుకొని నీటిపైకి నడువగోరు తాతకును, గాలము వేసి కూర్చుండు విద్యార్థికిని అందు పాలు కలదు. ఐనను ఆ వేడుక చేపల రేవు గోడపై తగదు. గాలపు దారము పడవ పంకాకు చుట్టుకొనును. పరుగెత్తు బండి బాలునికి ప్రమాదము. కావున ప్రజలకు వేరొక చోట, స్తంభములపై నిలిచిన చిన్న జెట్టీ, నడుమెత్తు కటకటాలు, ప్రాణరక్షణకు త్రాళ్ళు, చక్రాల కుర్చీ పోగల దారి ఉండవలెను. వేడుక కొరకు బ్రతుకును త్రోసివేయరాదు. బ్రతుకు పేరున వేడుకను మూయరాదు. రెంటికిని చోటు చూపుటయే పటము గీయువాని నేర్పు.

రేవు లేనిచోట ఏమగునో కూడ వినుడు. శ్రీకాకుళ తీరము పొడవైనది. అచట మరపడవలు నిలుచు రేవులు లేవు. సొంత ఒడ్డున పడవ నిలుపలేనివారు గుజరాతులోని వెరావలునకు పోయి పరుల పడవలపై కూలికి పనిచేయుచున్నారు. 2018 నవంబరులో అట్లు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాను చేత చిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలయై ఇల్లు చేరిరి. ఏడాదికి పైగా ఆ పిల్లలకు తండ్రి లేడు. తమ ఊరి ఒడ్డున ఒక గోడ, ఒక వాలు ఉన్నచో అంత దూరము పోకుందుమని ఆ కుటుంబములవారు చెప్పినమాట. భాష తెలియని తీరమునకు బ్రతుకుతెరువునకై పోవుట యేమో మన పెద్దలకు తెలియును. మనము ఈ నగరమునకు అట్లు వచ్చినవారి సంతతియే గదా!

ఇప్పుడు తిరిగి ఆ కాగితము వద్దకు వత్తము. చట్టము మనకు నోరు ఇచ్చియే యున్నది. 2019 జనవరిలో వెలువడిన తీరప్రాంత ప్రకటన ప్రకారము ప్రతి తీరజిల్లాకును పటములు గీయవలెను. అందు మత్స్యకారుల ఉమ్మడి ఆస్తులను, అనగా జెట్టీలను, ఐసు కర్మాగారములను, చేపలెండబెట్టు చోటులను చూపవలెను. ఆ వరుసలో రోడ్లు, వైద్యశాలలు, పాఠశాలలు కూడ కలవు. ముసాయిదాను ప్రజల ముందుంచి విచారణ జరుపవలెను. 2023లో తమిళనాట అట్టి విచారణలు జరిగినపుడు, తమ ఊళ్ళు, తమ వాడుక చోటులు పటములో సరిగా లేవని మత్స్యకారులు ఎలుగెత్తిరి. చెప్పినవారికే ఆ లోపము కనబడినది. చదువనివానికి, గడువు దాటినవానికి పటము నిర్దోషముగనే కనబడును.

కావున తల్లిదండ్రులకు మా విన్నపములు మూడు. మొదటిది, మీ పేటలో ఏ ప్రకటన అంటించినను ఆ దినముననే దాని ప్రతి బడికి పంపుడు. ఏ భాషలో నున్నను మన ఉపాధ్యాయులు, పెద్ద తరగతి పిల్లలు చదివి తెలుగున చెప్పుదురు. జవాబు వ్రాయుటకు తోడ్పడుదురు. ఇది దానము కాదు, చదువునకు అభ్యాసము. రెండవది, రానున్న సెలవులలో మీ పిల్లలచే మీ ఒడ్డు పటమును గీయింపుడు. పడవ ఎచట దిగును, వల ఎచట ఆరును, కుళాయి ఎన్ని అడుగుల దూరము, వర్షకాలమున నీరు ఎంతవరకు వచ్చును: ఇవి మీ నోట విని వారు వ్రాయవలెను. మీ నాయనమ్మ ఎరిగిన తీరపు గుర్తులు ఏ కార్యాలయపు బీరువాలోను లేవు. ఆ పటములను మన బడిలో భద్రపరచి, అవసరమైన దినమున విచారణాధికారి ముందుంచుదము. మూడవది, వేట బాగున్నదని ఎనిమిదవ తరగతిలోనే బాలుని బడి మాన్పింపకుడు. గంప మోయుటకు తోడని బాలికను మాన్పింపకుడు. రేపు ఆ పటములు గీయు బల్ల వద్ద, ఇసుక నడకను ఎరిగిన ఇంటి బిడ్డ ఒకడైనను, ఒకతెయైనను కూర్చుండవలెను.

ఆ నాటి తండ్రి నేడు ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పము. "కట్టేవాళ్ళకు తెలియదా" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా సమాధానము ఇది. అయ్యా, వారికి రాయి సంగతి, ఇనుము సంగతి తెలియును. అల ఏ నెలలో ఏ మూల తిరుగునో మీకు తెలియును. ఈ రెండు తెలివులును ఒకచోట చేరనిదే రేవు నిలువదు. కాగితము ఈసారి గడువునకు ముందే తెండు. మన బడి తలుపు తెరచియే యుండును.